చేతులు దించుకున్న ఇల్లు

జంతు సంరక్షణ కేంద్రం,
మందుల గది

మరదలికి,

ఆఫీసులో కుర్చీ ఖాళీ లేక మందుల గదిలో కూర్చుని రాస్తున్నాను. ఆ కుర్చీలో ఒక పిల్లి ఈనింది. దాన్ని లేపే ధైర్యం మా మేనేజరుకి లేదు, నాకు అంతకన్నా లేదు.

విషయానికొస్తాను. మీ ఇద్దరికీ ఒక కుక్కను పంపుదామనుకుంటున్నాను. వదిన ఆజ్ఞలు జారీ చేస్తోంది అనుకునేవు, అడుగుతున్నాను. ముదురు గోధుమ రంగు, ఆడది, నడి వయసు. ఎడమ చెవి మడతపడి ఉంటుంది. ఒక గోదాములో గొలుసుకి కట్టేసి ఉంటే విడిపించి తెచ్చారు. కరవదు. మొరగ్గా నేనెప్పుడూ వినలేదు. దానికున్న చిక్కల్లా మనిషి గొంతు. ఎవరైనా మాట్లాడితే చాలు, మూలకి పోయి గోడవైపు మొహం పెట్టి నిలబడుతుంది. మెల్లగా మాట్లాడినా అంతే. ముద్దుచేస్తూ పిలిస్తే మరీను.

గొంతులు లేని ఇల్లు నాకు తెలిసి ఒక్కటే ఉంది. తమ్ముడు పుట్టినప్పటినుంచీ, నువ్వు ఆరేళ్ళ వయసులో వచ్చిన జ్వరం తర్వాతనుంచీ ఒక్క మాటా చెవిన పడకుండా బతుకుతున్నారు. మీ మాటలన్నీ చేతులతోనే. ఇన్నాళ్ళూ మిమ్మల్ని చూసి అయ్యో పాపం అన్నవాళ్ళే గాని, ఎంత హాయో అన్నవాళ్ళు లేరు. ఈ కుక్క అంటుంది.

రెండు నెలలు ఉంచుకుని చూడండి. కుదిరితే సంతకం పెట్టి పంపండి, కుదరకపోతే వ్యాను పంపి వెనక్కి తెప్పించుకుంటాను. తమ్ముడు వద్దంటే వాడి మాట వినకు. అప్పట్లో నిన్ను పెళ్ళి చేసుకోమన్నా ముందు వద్దనే అన్నాడు.

మీ వదిన

*

మేడమీది ఇల్లు,
కుట్టుమిషను బల్ల

వదినా,

నీ కుక్క దిగింది. వ్యాను డ్రైవరు గుమ్మం దగ్గర దాని మెడతాడు విప్పగానే తిన్నగా పడకగదిలోకి వెళ్ళి బీరువా వెనక దూరింది. మేం ముందే ఇల్లు చూపించి మాట్లాడుకున్నట్టు, ఆ చోటు తనకే కేటాయించినట్టు. ఇప్పటికీ అక్కడే ఉంది. నేను దాన్ని అద్దెకుండే ఆవిడ అంటున్నాను. నేను తెరలు కుట్టుకుంటూ ఉంటే గోడకీ బీరువాకీ మధ్యనుంచి ఒక్క కన్ను కనపడుతుంది.

గొంతులు లేని ఇల్లని రాశావు, ఒప్పుకుంటాను. చప్పుడు లేని ఇల్లని కూడా అనుకున్నావేమో, ఆ మాట మా కింద ఇంటాయన దగ్గర అనకు. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు. నెలకోసారి మా తలుపు కింద చీటీ తోస్తాడు. కుర్చీలు లాగకుండా ఎత్తి జరపండి, కుళాయి కట్టేశారో లేదో చూసుకోండి, గిన్నెలు పడేస్తున్నారా విసురుతున్నారా అని. పక్క గదిలో ఉన్న మనిషిని పిలవాలంటే మేం నేలమీద కాలితో గట్టిగా కొట్టాలి కదా. పాపం ఆయన నెత్తిమీదే కొడుతున్నాం.

చిత్రమేమిటంటే ఈ చప్పుళ్ళకి నీ కుక్క బెదరలేదు. కాలితో కొడితే చెవి లేపి చూసింది, అంతే. నేను సంతోషపడ్డాను కూడా.

నీ తమ్ముడు అచ్చాఫీసునుంచి వచ్చాడు. అది అప్పుడే బీరువా వెనకనుంచి సగం బయటికి వచ్చి గిన్నె వాసన చూస్తోంది. ఆయన గుమ్మంలో నిలబడి, తిన్నదా అని నన్నడిగాడు. అడగడానికి చెయ్యి నోటి దగ్గరికి తెచ్చాడు. ఆ చెయ్యి లేవడం చూసి అది నేలకి అతుక్కుపోయింది. ఉన్నచోటే తడిపేసింది. ఇంకా లేదు అని నేను జవాబు చెప్పాను. నా చెయ్యి కదలగానే మళ్ళీ వెనక్కి దూరింది.

ఆయన కాసేపు తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు, సిరా ఏమైనా మిగిలిందా అన్నట్టు.

దీనికి గొంతంటేనే భయమని రాశావు. చేతుల సంగతి రాయలేదు. తెలుసా, తెలియదా?

నీ మరదలు

*

జంతు సంరక్షణ కేంద్రం,
మందుల గది

మరదలికి,

తెలియదు. ఎందుకు తెలియలేదో నీ ఉత్తరం చదివాక వెళ్ళి చూశాను. మేం గదుల్లోకి వెళ్ళేటప్పుడు ఒక చేతిలో నీళ్ళ బక్కెట్టు, ఇంకో చేతిలో తిండి బక్కెట్టు ఉంటాయి. వచ్చేటప్పుడు ఖాళీ బక్కెట్లు. ఉత్త చేతులతో దాని దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. మాట్లాడుతూ మాత్రం వెళ్ళాం. అందుకని గొంతు భయం మాకు కనపడింది, చేతి భయం కనపడలేదు.

ఇది కొత్తేమీ కాదు, దెబ్బలు తిన్న కుక్కల్లో చాలావాటికి ఉంటుంది. మేం అందరికీ చెప్పే సలహానే నీకూ చెబుతాను. కొన్నాళ్ళు దాని ముందు చేతులు ఎత్తకండి. నిలబడితే పక్కలకి వేలాడెయ్యండి, కూర్చుంటే ఒళ్ళో పెట్టుకోండి. నడుము పైకి చెయ్యి రాకూడదు. గిన్నె పెట్టాలన్నా ముందు కింద కూర్చుని అప్పుడు జరపండి. దానంతట అది దగ్గరికి వచ్చేదాకా ఇంతే. ఓపిక పట్టాలి, పెద్ద విద్యేమీ కాదు.

కింద ఇంటాయన చీటీలు దాచిపెట్టు. వచ్చినప్పుడు చదువుతాను.

మీ వదిన

*

మేడమీది ఇల్లు,
కుట్టుమిషను బల్ల

వదినా,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాం. మేం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే అది బయటికి వస్తోంది. గిన్నె ఖాళీ చేస్తోంది. నిన్న వంటింటి గుమ్మం దాకా వచ్చి వెళ్ళింది. నీ తమ్ముడు ఊపిరి బిగబట్టి చూశాడు.

మేం మెట్లమీద మాట్లాడుకుంటున్నాం. బయటి తలుపు దగ్గరికి వేసి, మెట్లమీద ఎదురెదురుగా నిలబడి ఆ రోజు సంగతులన్నీ చెప్పుకుని లోపలికి వస్తాం. కింద ఇంటాయన అది చూసి పోట్లాట అనుకున్నట్టున్నాడు. ఏ ఇంట్లో అయినా ఇవి మామూలే, ఓర్చుకోండి అని చీటీ రాశాడు. నీ తమ్ముడు ఆ చీటీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, నాకు ఎప్పుడు కోపం వచ్చినా తీసి చూపిస్తాడు.

వాన మొదలైంది. మెట్లమీద కప్పు లేదు. చూడాలి.

అచ్చాఫీసులో పని ఎక్కువగా ఉందట. ఆలస్యంగా వస్తున్నాడు.

నీ మరదలు

*

జంతు సంరక్షణ కేంద్రం,
ఆఫీసు గది

మరదలికి,

కుర్చీ నాకు తిరిగి దక్కింది. పిల్లి తన సంసారంతో అల్మరాలోకి మారింది.

వంటింటి గుమ్మం దాకా వచ్చిందని మా వాళ్ళందరికీ చదివి వినిపించాను. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ అది గది గుమ్మం కూడా దాటలేదు. మా మేనేజరైతే మిమ్మల్ని మిగతావాళ్ళకి ఉదాహరణగా చెబుతున్నాడు. ఇలాంటి కుక్కలకి ఇలాంటి ఇళ్ళే వెతకాలి అంటున్నాడు. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. మీ ఇంట్లో ఉన్న ప్రశాంతత దానికి మందులా పనిచేస్తోంది.

గడువు దగ్గర పడుతోంది. సంతకం కాగితం పంపుతున్నాను. దాంతోపాటు తమ్ముణ్ణి కూడా రెండు ముక్కలు రాయమను. వాడి చేతిరాత చూసి చాలా కాలమైంది.

మీ వదిన

*

మేడమీది ఇల్లు

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. ప్రశాంతత అని రాశారు. ఆ ప్రశాంతత ఏమిటో మీకు చెప్పి తీరాలి.

దాని ముందు చేతులు ఎత్తవద్దని మీరు రాశారు. మీ ఇంట్లో అయితే అది చేతులు ఎత్తకపోవడమే. మా ఇంట్లో అది మాట్లాడకపోవడం. మీరు పంపిన కుక్క వచ్చిన వారం నుంచీ నేనూ మీ తమ్ముడూ ఒకరి ఎదుట ఒకరం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాం. ఎదురుగా కూర్చుని భోజనం చేస్తాం, గిన్నెలు తీసేస్తాం. కూర ఎలా ఉందని అడగను. ఆయన చెప్పడు. మెట్లమీద మాట్లాడుకున్నన్నాళ్ళు నవ్వుతూనే గడిపాం. వానలు పట్టుకున్నాక అదీ పోయింది.

మొన్న దారం కొట్టు దగ్గర అచ్చాఫీసులో ఆయనతో పనిచేసే అతని భార్య కనపడింది. నాకు అర్థం కావాలని పెదవులు నెమ్మదిగా కదుపుతూ, ఇప్పుడేం చేస్తారు మీరు, అంది. దేని గురించి అంటోందో నాకు తెలియలేదు. తెలిసినట్టు తలూపితే మిగతాది ఆవిడే చెప్పుకుపోయింది. పెద్ద మిషను అమ్మేస్తున్నారట. దాన్ని నడిపేది మీ తమ్ముడే. ఈ సంగతి అచ్చాఫీసులో అందరికీ తెలుసు, వాళ్ళ ఇళ్ళలోనూ తెలుసు. ఆయన పెళ్ళానికి తెలియదు.

ఇంటికి రాగానే తడిసే మెట్లమీదికి లాక్కెళ్ళి, ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎక్కడ చెప్పను, అన్నాడు.

కాగితం మీద రాసుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నాకు జ్వరం రాకముందు విన్న మాటలున్నాయి, రాత నాకు సులువు. ఆయనకి రాత అంటే బడి. ఆ బడి మీకు తెలుసు. నోటితో పలకడం రావాలని చేతులు తొడల కింద పెట్టి కూర్చోబెట్టేవారు. బయటికి తీస్తే స్కేలు పడేది. ఆ వర్షంలో నిలబడి ఆయన నాతో అన్నమాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: 'మళ్ళీ చేతులు తొడల కింద పెట్టుకున్నాను. ఈసారి నా ఇంట్లోనే, నా అంతట నేనే.'

కుక్క తప్పేమీ లేదు. మంచిది. నిన్న మిషను బల్ల దగ్గర నా పాదం వాసన చూసింది. అది మా దగ్గరికి వస్తున్నకొద్దీ మేం ఒకరికొకరం దూరమవుతున్నాం. రెండూ ఒకే ఇంట్లో కుదరవు.

శుక్రవారం వ్యాను పంపండి. సంతకం కాగితం ఖాళీగానే తిప్పి పంపుతాను.

మీ మరదలు

*

జంతు సంరక్షణ కేంద్రం

మరదలికి,

నీ ఉత్తరం నిలబడే చదివాను.

చేతులు ఎత్తకండి అన్నది ఇక్కడినుంచి కుక్కను తీసుకెళ్ళే ప్రతి ఇంటికీ చెబుతాం. వాళ్ళ చేతులు ఊరుకున్నా నోళ్ళు ఊరుకోవు కాబట్టి వాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. నీకు రాసేటప్పుడు ఆ తేడా నాకు తట్టలేదు. సెలవులకి తమ్ముణ్ణి బడినుంచి తీసుకొచ్చేదాన్ని నేనే. బస్సు కదలగానే వాడి చేతులు మొదలయ్యేవి. ఇల్లు చేరేదాకా ఆగేవి కావు, పక్కవాళ్ళకి మోచేతులు తగిలేవి. అది చూసిన నాకే తట్టలేదు.

శుక్రవారం వ్యాను వస్తుంది. డ్రైవరుకి చెప్పాను.

ఇంకొక సంగతి నీకు ముందే చెప్పాల్సింది. ఈ కుక్కను ఇంతకుముందు రెండు ఇళ్ళకి పంపాం, రెండిళ్ళూ తిప్పి పంపాయి. మూడో ఇల్లు కూడా పంపేస్తే వెనక షెడ్డులో పెట్టాలని మా నియమం. కుక్కలు కావాలని వచ్చేవాళ్ళని మేం ఆ షెడ్డువైపు తీసుకెళ్ళం. తిండి పెడతాం, మందులు వేస్తాం. అది అక్కడే ఉంటుంది, చివరిదాకా. చెబితే మీరు ఒప్పుకోరేమో అని చెప్పలేదు. ఇప్పుడు చెప్పడం మీ మనసు మార్చడానికి కాదు. తర్వాత ఇంకెవరి ద్వారానో తెలిస్తే నా మొహం చూడవు.

మీరు చేసింది చాలు. వ్యాను వచ్చేదాకా దానికోసం చేతులు దించుకుని కూర్చోవద్దు. అది బెదిరితే బెదరనీ. మీ ఇల్లు మీది. ముందు తమ్ముడూ నువ్వూ మాట్లాడుకోండి.

మీ వదిన

*

మేడమీది ఇల్లు,
వంటిల్లు

వదినా,

వ్యాను ఖాళీగా ఎందుకు వచ్చిందో డ్రైవరు ఈపాటికి చెప్పే ఉంటాడు. అతనికి సగమే తెలుసు. మొదటినుంచీ రాస్తాను.

నీ ఉత్తరం నీ తమ్ముడికి చూపించాను. వెనక షెడ్డు గురించి రెండుసార్లు చదివాడు. చదివాక కూడా పంపేద్దామనే అన్నాడు, నేను కూడా సరేనన్నాను. ఈ మాటలు మేం వంటింట్లో, దీపం కింద, చేతులతో అనుకున్నాం. అది వణుకుతూ బీరువా వెనక్కి పోయింది. ఆగలేదు మేం. ఎలాగూ పోతున్న కుక్క అనుకున్నాం.

ఇక మొదలైంది. ఇన్నాళ్ళ బాకీ. మిషను సంగతి నా దగ్గర దాస్తావా అని నేను. దాచలేదు, చెప్పే చోటు నువ్వు మూసేశావని ఆయన. మీ అక్క మాట విన్నది ఎవరు, నువ్వు కాదా, అని నేను. మధ్యలో నిన్ను కూడా బాగానే తిట్టుకున్నాం, అవి రాయను. ఆయన చెయ్యి తగిలి గ్లాసు పడింది. నేను బల్ల చరిచాను. కింద ఇంటాయన చీటీ కూడా పంపలేదు, బెదిరిపోయి ఉంటాడు. చివరికి ఏడ్చి, ఆ తర్వాత ఎందుకో నవ్వు మొదలై, మర్నాడు కలిసి అచ్చాఫీసుకి వెళ్దామని తేల్చుకున్నాం. వెళ్ళాం. నేను కాగితం మీద రాసి యజమానిని అడిగాను. నీ తమ్ముణ్ణి బైండింగు పనిలో వేసుకుంటామన్నారు. జీతం తగ్గుతుంది. ఇంట్లో కూర్చోవడం కన్నా నయం.

ఆ రోజంతా, మర్నాడు కూడా, ఇంట్లో మా చేతులు ఆగలేదు. కూర గురించి, తెరల గురించి, ఎవరి పాదాలు ఎంత మురికిగా ఉన్నాయో దాని గురించి. నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఆపి ఏదో చెబుతూ, మళ్ళీ ఒలుస్తూ ఉంటే గుమ్మంలో అది కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. నేను మాట్లాడితే నా చేతులకేసి చూసింది. ఆయన జవాబు చెబితే ఆయన చేతులకేసి తల తిప్పింది. మళ్ళీ నావైపు. వణుకు పూర్తిగా పోలేదు, వెనక కాళ్ళు వణుకుతున్నాయి. కానీ లేచి వెళ్ళలేదు.

కుక్క నాకేమీ చెప్పలేదు కాబట్టి ఇది నా ఊహ మాత్రమే. మేం చేతులు కట్టేసుకుని కూర్చున్నన్నాళ్ళు, దీపం వెయ్యడానికో జుట్టు సవరించుకోవడానికో చెయ్యి ఎప్పుడో ఒకసారి హఠాత్తుగా లేచేది. దాని లెక్కలో అలా ఎప్పుడో లేచే చెయ్యి దేనికి లేస్తుంది? కొట్టడానికే. రోజంతా గాల్లోనే తిరిగే చేతుల్ని అది ముందెన్నడూ చూసి ఉండదు. ఎంత చూసినా వాటిలో ఒక్కటీ తనమీద పడలేదు. మేం దానికి మేలు చేస్తున్నాం అనుకుంటూ భయపెట్టాం.

అయినా మేం మనసు మార్చుకోలేదు. ఒక్క రోజు చూసి ఏం చెప్పగలం అనుకున్నాం. శుక్రవారం వ్యాను వచ్చింది. బయట గంట నొక్కితే మాకోసం వెలిగే దీపం వెలిగింది, నేను తలుపు తీశాను. డ్రైవరు తాడు పట్టుకుని లోపలికి వస్తూ దాన్ని పిలుస్తున్నాడు. మంచివాడే, నోరు చూస్తే ముద్దుగానే పిలుస్తున్నట్టుంది. అది లేచింది. నేను పడకగది తలుపు తెరిచే ఉంచాను, బీరువా వెనక చోటు ఖాళీగానే ఉంది. అటు పోలేదు.

అప్పటికి నీ తమ్ముడు డ్రైవరుకి ఎదురెళ్ళి ఏదో చెబుతున్నాడు. ఒక్క నిమిషం ఆగండి, అది తినేదాకా ఆగండి, తాడు మెల్లగా కట్టండి అని. అతనికి ఒక్క ముక్కా అర్థం కావడం లేదు, అందుకని ఈయన ఇంకా పెద్దగా, ఇంకా వేగంగా చెబుతున్నాడు. నువ్వు చూసే ఉంటావు, అలా చెప్పేటప్పుడు ఆయన చేతులకి ఈ వంటిల్లు చాలదు. అది తిన్నగా వెళ్ళి ఆ చేతుల కింద నిలబడింది. వీపు ఆయన మోకాళ్ళకి ఆనించి, మొహం డ్రైవరువైపు పెట్టి.

ఆయనకి తెలియలేదు, చెబుతూనే ఉన్నాడు. నేను కాలితో నేలమీద కొట్టి కిందికి చూపించాను.

చూశాడు. చేతులు దించబోయాడు. దించవద్దని అన్నాను నేను. అలాగే గాల్లో ఉంచేశాడు.

డ్రైవరు నావైపు తిరిగి, ఏమంటున్నాడమ్మా, అన్నాడు. పెదవులు చదివాను. నీ సంతకం కాగితం వెనక, కుక్కను ఇవ్వనంటున్నారు, అని రాసి చూపించాను. నిజానికి ఆయన ఇంకా అనలేదు. నా భుజం మీదుగా అది చదివి, అవునన్నట్టు నీ తమ్ముడు తలూపాడు.

కాగితం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. అందులో కుక్క పేరు అన్నచోట ఖాళీగా ఉందని మీ మేనేజరు తిప్పి పంపకుండా చూడు. పేరు పెట్టాం. నీ తమ్ముడే పెట్టాడు. ఒక చెయ్యి చాలు దానికి, రెండు వేళ్ళూ చిన్న కదలికా. అక్షరాల్లో రాయడం కుదరదు. గది అవతలనుంచి ఆ పేరు అంటే, మేం చూస్తున్నామో లేదో ముందు చూసి, అప్పుడు లేచి వస్తోంది. తొందర లేదు దానికి.

నువ్వు వచ్చినప్పుడు నేర్పుతాం. ఈలోగా వేళ్ళు కాస్త ఆడించడం అలవాటు చేసుకో వదినా. పోయినసారి వచ్చినప్పుడు నువ్వు మంచినీళ్ళు అడిగితే నీ తమ్ముడు గొడుగు తెచ్చి ఇచ్చాడు.

నీ మరదలు